వీపున మోసే పొయ్యి: ఎంపిక, వాడకం

అందరికీ నమస్కారం.

ట్రెక్కింగ్‌కి వీపు సంచిలో మోసుకెళ్లే చిన్న గ్యాస్ స్టవ్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది బరువు. ఇది ఎన్ని గ్రాములు, ఇంతకన్నా తేలికది ఉందా అని. మోసేది మన వీపే కాబట్టి ఆ ప్రశ్న సహజం. కానీ నేను తిరిగి వేసే ప్రశ్న వేరు. మీరు నీళ్లు కాచుకోబోయే చోట తెల్లవారుజామున చలి ఎంత ఉంటుంది? గాలి ఎలా వీస్తుంది? ఈ రెండిటికీ జవాబు తెలిశాక బరువు సంగతి మాట్లాడుకుంటే సరైన స్టవ్ చేతికొస్తుంది. బరువుతోనే మొదలుపెడితే, వెచ్చని వాతావరణంలో చక్కగా మండిన స్టవ్ మంచు కొండ మీద చేతులెత్తేస్తుంది. అందుకే ఈ పూట స్టవ్ గురించి కంటే దాని కింద బిగించే గ్యాస్ డబ్బా గురించే ఎక్కువ చెబుతాను. అది అర్థమైతే తక్కిన నిర్ణయాలు మీరే తీసుకోగలరు.

డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ద్రవం కదిలే చప్పుడు వినిపిస్తుంది. మనం గ్యాస్ అంటున్నాం గానీ, లోపల ఉన్నది ఒత్తిడి వల్ల ద్రవంగా మారిన ఇంధనం. ఆ ద్రవం పైన మిగిలిన కాస్త జాగాలో ఆవిరి ఉంటుంది. నాబ్ తిప్పగానే బర్నర్‌కి వెళ్లేది ఆ ఆవిరే. వెళ్లినంత ఆవిరి మళ్లీ పుట్టాలంటే లోపలి ద్రవం మరుగుతూ ఉండాలి. మరగడానికి వేడి కావాలి. ఆ వేడి డబ్బా నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది. గాలే చల్లగా ఉంటే?

ఇక్కడే ఏ ఇంధనం ఎంత చలిలో మరుగుతుందన్నది ముఖ్యమవుతుంది. సముద్ర మట్టం దగ్గర మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. అంటే నీళ్లు గడ్డకట్టే చలిలో అది డబ్బాలోనే ఉండిపోతుంది, బయటికి రాదు. ఐసోబ్యూటేన్ దాదాపు మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి. మరి అంతా ప్రొపేనే నింపితే సరిపోదా? దాని ఒత్తిడికి బరువైన ఉక్కు సిలిండర్ కావాలి, ఈ పల్చటి రేకు డబ్బా తట్టుకోలేదు. అందుకే కొంచెం ప్రొపేన్, మిగతాది ఐసోబ్యూటేన్ కలుపుతారు. 80 పాళ్లు ఐసోబ్యూటేన్, 20 పాళ్లు ప్రొపేన్ అన్నది మంచి మిశ్రమం. చవక డబ్బాల్లో మామూలు బ్యూటేన్ ఎక్కువ పాలు ఉంటుంది. డబ్బా కొనేటప్పుడు మీద రంగులు కాదు, వెనక చిన్న అక్షరాల్లో రాసిన మిశ్రమం చదవండి. చలికి వెళ్లేవాళ్లకి స్టవ్ బ్రాండ్ కన్నా ఆ ఒక్క వరుస ముఖ్యం.

ఇంకో సంగతి ఉంది. ద్రవం ఆవిరయ్యే కొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది, చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడినట్టే. ఎంత వేగంగా చల్లబడుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. 3 కిలోవాట్ల బర్నర్‌ను పూర్తిగా తెరిస్తే నిమిషానికి 4 గ్రాముల ఇంధనం ఖర్చవుతుంది. 100 గ్రాముల ఇంధనంతో నిండిన చిన్న డబ్బాకి బయటి నుంచి ఏ వేడీ అందకపోతే, ఆ లెక్కన నిమిషానికి సుమారు 5 డిగ్రీలు పడిపోతుంది. సగం ఖాళీ అయిన డబ్బా అయితే దాదాపు 9 డిగ్రీలు. నిజానికి గాలి కొంత వేడిని అందిస్తుంది కాబట్టి అంత పడదు. కానీ దిశ మాత్రం అదే. డబ్బా పక్కలు చూడండి, ద్రవం ఎంతవరకు ఉందో అంతవరకు చెమ్మ పట్టి, తర్వాత తెల్లగా మంచు పొర కడుతుంది. అదే సమయంలో మంట చప్పుడు తగ్గి, నీలం నాలుకలు పొట్టివవుతాయి. చాలామంది అప్పుడు నాబ్ ఇంకా తెరుస్తారు. అది సరికాదు. తెరిచే కొద్దీ డబ్బా మరింత చల్లబడుతుంది.

చేయాల్సింది డబ్బాకి వేడి ఇవ్వడం. దానికి గొప్ప ఉపాయం అక్కర్లేదు. ఒక పల్లెంలోనో, లోతైన మూతలోనో రెండు వేళ్ల మందం నీళ్లు పోసి డబ్బాను అందులో నిలబెట్టండి. గోరువెచ్చనివైతే మేలు, చల్లటి నీళ్లయినా పనిచేస్తాయి. నీరు నీరుగా ఉన్నంతసేపూ సున్నా డిగ్రీల కిందికి దిగదు. ఐసోబ్యూటేన్‌కి ఆ సున్నా డిగ్రీలే వెచ్చదనం. కుంగిన మంట మీ కళ్ల ముందే లేచి నిలబడుతుంది. ఇక రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకుని పడుకోండి, పొద్దున వంటకి ముందు జాకెట్ లోపల ఉంచుకోండి. మంట మీద, నిప్పు దగ్గర మాత్రం ఎప్పుడూ వెచ్చబెట్టకండి. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది.

కొండల్లో గ్యాస్ స్టవ్ మొరాయించినప్పుడు "ఎత్తు పెరిగింది కదా, అందుకే" అనేస్తుంటారు. దోషం ఎత్తుది కాదు, చలిది. పైకి వెళ్లే కొద్దీ బయటి గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి డబ్బాలోంచి ఆవిరి రావడం ఇంకా సులువవుతుంది. 4,000 మీటర్ల దగ్గర మామూలు బ్యూటేన్ కూడా మైనస్ 12 చుట్టుపక్కల మరుగుతుంది. అయితే అక్కడ నీళ్లు కూడా 87 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి గింజలు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, ఇంధనం ఎక్కువ పోతుంది. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది అది.

ఇప్పుడు స్టవ్‌ల దగ్గరికి వద్దాం. మూడు జాతులున్నాయి.

డబ్బా నెత్తినే మర బిగించేది మొదటిది. 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది. వెచ్చని కాలంలో, ఒకరిద్దరికి ఇది చాలు, ఎక్కువమందికి నేను చెప్పేదీ ఇదే. అయితే మరీ తేలికవాటి దగ్గర ఆగి ఆలోచించండి. గిన్నెను మోసే ఆ చిన్న కాళ్లు ఎంత మందం ఉన్నాయి? లీటరు నీళ్లతో గిన్నె బరువు కిలో దాటుతుంది, దాన్ని ఎర్రగా కాలే సన్నటి లోహం మోయాలి. కాళ్ల మీద పళ్లలాంటి గాట్లున్నాయా, గిన్నె జారకుండా? బర్నర్ తల చుట్టూ కాస్త ఎత్తైన అంచు ఉంటే గాలికి మంట ఆరదు. తల మరీ చిన్నదైతే మంట ఒకే చోట తగిలి మధ్యలో మాడుతుంది, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. నీళ్లు కాచడానికి మాత్రమే అయితే సరే, వంట చేసుకునేవాళ్లు వెడల్పు తల ఉన్నది చూసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉన్న స్టవ్‌కి మరో 40 గ్రాములు ఎక్కువైనా నేను సంతోషంగా మోస్తాను.

రెండోది నేల మీద సొంత కాళ్లతో నిలబడి, గొట్టంతో డబ్బాకి కలిసేది. 150 నుంచి 200 గ్రాముల దాకా తూగుతుంది. ఎత్తు తక్కువ కాబట్టి పెద్ద గిన్నెతోనూ ఒరగదు. చలికి దీనికి మించిన గ్యాస్ స్టవ్ లేదు, ఎందుకో చెప్తాను. డబ్బా నిటారుగా ఉన్నప్పుడు ప్రొపేన్ తొందరగా ఆవిరై ముందే వెళ్లిపోతుంది, డబ్బా అడుగుకి వచ్చేసరికి మిగిలేది చలికి కదలని ఇంధనమే. నిండు డబ్బాతో బాగా మండిన స్టవ్ చివర్లో మొండికేయడానికి ఇదీ ఒక కారణం. గొట్టం ఉన్న స్టవ్‌లో, మంట పక్క నుంచి వెళ్లే సన్నటి లోహపు గొట్టం కూడా ఉంటే, డబ్బాను తలకిందులు చేయొచ్చు. అప్పుడు ఆవిరి కాక ద్రవమే బయటికి వస్తుంది, మంట వేడికి ఆ గొట్టంలో ఆవిరవుతుంది. డబ్బా చల్లబడదు, మిశ్రమం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. మైనస్ 15 చలిలోనూ మంచి మిశ్రమం ఇలా మండుతుంది. ముందు నిటారుగా వెలిగించి, అర నిమిషం గొట్టం కాలనిచ్చి, మంట తగ్గించి, అప్పుడు మెల్లగా తిప్పండి. ఆ గొట్టం లేని స్టవ్‌తో ఈ పని చేస్తే ద్రవం నేరుగా బర్నర్‌కి వచ్చి మంట గుప్పున లేస్తుంది. నెత్తిన బిగించే స్టవ్‌ను వెలుగుతుండగా వంచినా జరిగేది అదే.

మూడోది గిన్నె, బర్నర్ ఒకదానికొకటి అతుక్కుని వచ్చేది, జెట్‌బాయిల్ బ్రాండు స్టవ్ లాంటిది. గిన్నె అడుగున రెక్కల్లాంటి లోహపు పట్టీలు ఉండి వేడిని పట్టుకుంటాయి. చాలావరకు గిన్నెతో కలిపి 350 గ్రాముల చుట్టుపక్కల, లేదా ఆ పైన ఉంటుంది. నీళ్లు త్వరగా కాగుతాయి, ఇంధనం మిగులుతుంది, వంటకి మాత్రం అంత అనువు కాదు.

ప్రెజర్ రెగ్యులేటర్ ఉన్న స్టవ్‌లకి మంచి పేరుంది. డబ్బాలో ఒత్తిడి తగ్గుతున్నా మంట నిలకడగా ఉంచుతుంది, నిజమే. కానీ లేని ఒత్తిడిని అది పుట్టించలేదు. మరగని ఇంధనాన్ని మరిగించలేదు.

మర విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ఎక్కువ స్టవ్‌లు వాడేది మరలున్న లిండాల్ వాల్వ్ డబ్బా. ఫ్రాన్స్ లాంటి చోట్ల మర లేకుండా నొక్కి తిప్పే క్యాంపింగ్ గ్యాజ్ డబ్బాలు కూడా బాగా కనిపిస్తాయి, అవి దీనికి పట్టవు. గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ తీసుకెళ్లనివ్వరు. వెళ్లిన చోటే కొనుక్కోవాలి. కాబట్టి అక్కడ ఏ రకం దొరుకుతుందో బయలుదేరక ముందే కనుక్కోండి.

ఇక గాలి. ఇంధనాన్ని తినేసేది చలి కన్నా గాలే. లెక్క చూడండి. 20 డిగ్రీల నీళ్లు లీటరు మరగడానికి 335 కిలోజౌళ్ల వేడి కావాలి. సగం వేడి గిన్నెకి అందుతుందనుకుంటే 15 గ్రాముల గ్యాస్ చాలు. కాస్త గాలి తగిలితే మంట గిన్నె కింద నుంచి పక్కకి పోతుంది, ఆ 15 కాస్తా సులువుగా 30 అవుతుంది. బలమైన గాలిలో నీళ్లు మరగనే మరగవు. బండరాయి చాటున కూర్చోండి, సంచిని గాలివైపు నిలబెట్టండి. కానీ నెత్తిన బిగించే స్టవ్ చుట్టూ రేకును గుండ్రంగా మూసి మాత్రం పెట్టకండి. వేడి కిందికి మళ్లి డబ్బా కాలుతుంది, పేలే ప్రమాదం ఉంది. గిన్నె మరీ వెడల్పుగా ఉండి డబ్బాను కప్పేసినా ఇదే భయం. మధ్యమధ్యలో డబ్బాను చేత్తో తాకి చూడండి. చల్లగా ఉంటే మంచిది, కాస్త వెచ్చగా ఉన్నా పర్లేదు, వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి. గొట్టం స్టవ్‌కి డబ్బా దూరంగా ఉంటుంది కాబట్టి బర్నర్ చుట్టూ రేకు పెట్టుకోవచ్చు. గాలి ఎక్కువ ఉన్న చోట్లకి వెళ్లేవాళ్లు ఆ బరువు మోయడానికి ఈ ఒక్క కారణమే చాలు.

వెలిగించేటప్పుడు నాబ్ మూసి ఉందో లేదో చూడండి. వాల్వ్ దగ్గర ఇసుక రేణువు లేకుండా ఊదండి. లోపలి రబ్బరు రింగ్ చీలిందా, ఎండిందా అని వేలితో తడమండి. డబ్బా నిటారుగా పెట్టి, మర అడ్డదిడ్డంగా ఎక్కకుండా వేళ్లతోనే బిగించండి, పట్టకారు వద్దు. బిగిస్తుండగా ఒక్క క్షణం బుస్సుమంటుంది, అది మామూలే. బిగించాక కూడా బుసకొడుతుంటే, లేదా వాసన వస్తుంటే, వెలిగించకండి. అనుమానం ఉంటే సబ్బు నురగ రాయండి, బుడగలు చెప్పేస్తాయి. ముఖం పక్కకి పెట్టి, ముందు నిప్పు చూపి, తర్వాత నాబ్ కొద్దిగా తెరవండి. స్టవ్‌కే ఉన్న టక్కుమనే మీట మీద మాత్రమే ఆధారపడకండి, ఎత్తులో, తడిలో అది మొండికేస్తుంది. లైటర్ ఒకటి జేబులో వెచ్చగా, అగ్గిపెట్టె ఒకటి తడవకుండా కవర్‌లో ఉండాలి.

మంట గిన్నె అడుగు దాటి పక్కలకి నాలుకలు చాస్తోందంటే ఆ వేడంతా గాలికే. సిమ్‌కీ ఫుల్‌కీ నడుమ పెట్టండి, మూత వేయండి, వెడల్పు అడుగున్న గిన్నె వాడండి. నీళ్లు ఒకట్రెండు నిమిషాలు ఆలస్యంగా కాగుతాయి గానీ ఇంధనం మిగులుతుంది, డబ్బా కూడా అంత వేగంగా చల్లబడదు.

టెంట్ లోపల వంట గురించి నేను గట్టిగానే చెబుతాను: చేయకండి. గుడ్డ నిమిషంలో కరిగి అంటుకుంటుంది. అంతకన్నా భయపడాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌కి. రంగు లేదు, వాసన లేదు. చల్లటి గిన్నెకి మంట తగిలి సగంలో చల్లారినప్పుడు అది ఎక్కువగా పుడుతుంది, అంటే మంచు కరిగించేటప్పుడు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టుండటం దాని లక్షణాలు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు లక్షణాలూ ఇవే కాబట్టి మనిషి పొరబడతాడు. బయట తుపాను ఉండి గత్యంతరం లేకపోతే, టెంట్ ముందు వసారాలో, పైనా కిందా జిప్ బాగా తెరిచి, మనిషి కనిపెట్టుకుని ఉండగా మాత్రమే.

ఎంత గ్యాస్ మోయాలి? ఇద్దరికి రోజుకి మూడు లీటర్లు కాచుకుంటారనుకోండి, మూడు రోజులకి తొమ్మిది లీటర్లు, గాలి లేకపోతే 135 గ్రాములు. 100 గ్రాముల డబ్బా చాలదు, 230ది సరిపోయి గాలికి కూడా మిగులుతుంది. మంచు కరిగించి తాగే చోటైతే లెక్క రెట్టింపు దాటుతుంది. ఒక కిలో మంచు కరగడానికే 334 కిలోజౌళ్లు కావాలి, ఆ తర్వాత సున్నా నుంచి మరిగేదాకా మరో 419.

సగం వాడిన డబ్బాలో ఎంత ఉందో ఊపి చెప్పడం కష్టం. కొత్తగా కొన్నప్పుడే తూకం వేసి, ఆ అంకెను మార్కర్‌తో డబ్బా అడుగున రాసుకోండి. దారిలో తూకం ఉండదు కాబట్టి డబ్బాను నీళ్లలో తేలనివ్వండి. నిండుది లోతుగా, ఖాళీది పైకి తేలుతుంది. కొన్ని డబ్బాల మీద ఆ గీతలు అచ్చువేసే ఉంటాయి, లేకపోతే ఇంట్లో మీరే గీసుకోవచ్చు.

ఖాళీ డబ్బాను పెద్ద డబ్బాలోంచి నింపుకునే అడాప్టర్లు దొరుకుతున్నాయి. నేను సిఫారసు చేయను. ద్రవం వేడికి వ్యాకోచించడానికి లోపల జాగా ఉండాలి, ఎక్కువ నింపితే ఆ జాగా పోయి రేకు చిట్లుతుంది. అయిపోయిన డబ్బాను కొండ మీద వదిలేయకుండా కిందికి తెచ్చేయండి. ఇంటికొచ్చాక ఆరుబయట స్టవ్ బిగించి, మంట దానంతట అదే ఆరిపోయేదాకా మండించి, ఇందుకోసమే చేసిన పనిముట్టుతో చిల్లు పెట్టండి. అప్పుడది మామూలు ఉక్కు రేకు, పాత ఇనుములో వేసేయొచ్చు.