ఉంగా కొట్టాడు కదా, వినపడదంటారేంటి?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు), ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే ఒక టీచర్, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒక తల్లి)

వ్యాఖ్యాత: నమస్కారం. మగపిల్లలకి మాటలు ఆలస్యమని మన ఇళ్ళలో అంటుంటారు. నా గురించీ అదే అన్నారట. ఇప్పుడు మైకు వదలడం లేదని వాళ్ళ బాధ. అమ్మా, మీ బాబుకి వినపడటం లేదేమోనన్న అనుమానం మొదట ఎవరికొచ్చింది?

తల్లి: మా అత్తమ్మకండీ. దీపావళికి పక్కింటివాళ్ళు బాంబు పేలిస్తే కుక్క పారిపోయింది, వీడు కదల్లేదు. అప్పటికి పది నెలలు. మా ఆయన వెంటనే స్టీలు పళ్ళెం తెచ్చి వెనక నుంచి గరిటెతో కొట్టాడు. బాబు తిరిగి చూశాడు. హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్యతో ఇంకో ఏడాది పోయింది.

ఆడియాలజిస్ట్: ఈ పళ్ళెం పరీక్ష గురించి రోజూ వింటాను. కొట్టే మనిషి నీడ పడుతుంది, నేల అదురుతుంది, బిడ్డ దానికి తిరుగుతాడు. పైగా మోత వినపడి, ‘స్’, ‘ష్’ లాంటి సన్నటి శబ్దాలు వినపడని పిల్లలూ ఉంటారు.

వ్యాఖ్యాత: ఉంగా కొట్టేవాడా?

తల్లి: బాగా కొట్టేవాడు. అందుకే నమ్మలేదు.

ఆడియాలజిస్ట్: వినపడని పిల్లలూ మొదటి నెలల్లో ఉంగా కొడతారండీ. ఏడెనిమిది నెలలకి ‘బబబ’, ‘తాతాతా’ రావాలి. తన గొంతు తాను వింటేనే అవి సాగుతాయి. మేం లెక్కేసుకునేది ఒకటి, మూడు, ఆరు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషన్, థెరపీ మొదలు. ఓ.ఏ.ఈ. అనే మొదటి పరీక్షకి నిమిషాలు చాలు. నిద్రపోయే బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు, అంతే.

వ్యాఖ్యాత: మీ బాబుకి చేశారా?

తల్లి: చేశారట. డిశ్చార్జి కాగితంలో ‘రిఫర్’ అని ఉంది. అదేంటో ఎవరూ చెప్పలేదు. కాగితాన్ని బీరువాలో దాచాం.

వ్యాఖ్యాత: ఆస్పత్రి పేరు వద్దులెండి. ‘రిఫర్’ అంటే ఏంటి మేడమ్?

ఆడియాలజిస్ట్: వినపడదని కాదు, మళ్ళీ చూడాలని. పుట్టినప్పటి నీరు, తెల్లటి పూత చెవిలో ఉన్నా రిఫర్ వస్తుంది. రెండోసారీ వస్తే బేరా చేయిస్తాం, అంటే శబ్దం చెవి నుంచి నరం మీదుగా మెదడుకి చేరుతోందా అని చూసే పరీక్ష. ఇంక్యుబేటర్‌లో ఉన్నవాళ్ళకి, కామెర్లు బాగా ఎక్కువైనవాళ్ళకి ఓ.ఏ.ఈ. పాసైనా సరే బేరా కావాలి. లోపం నరంలో ఉంటే ఓ.ఏ.ఈ.కి అందదు. మేనరికం పెళ్ళిళ్ళ పిల్లల విషయంలోనూ అశ్రద్ధ పనికిరాదు.

తల్లి: మేం వస పోశాం, నాలుక కింద నరం కోయించాం. అన్నీ అయ్యాక చెవి దగ్గరికొచ్చాం. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఆపరేషన్ అయింది, చెవి లోపల వినికిడి పరికరం పెట్టేది. మర్నాటి నుంచే మాట్లాడతాడని ఊరంతా ఎదురుచూశారు. మిషన్ ఆన్ చేసింది కొన్ని వారాల తర్వాత. ఆ రోజు గుక్కపట్టి ఏడ్చాడు.

వ్యాఖ్యాత: ఇప్పుడు?

తల్లి: పొద్దున్నే వాడి వెనక నిలబడి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అంటాను. వినపడిన ప్రతిసారీ ఒక శనగగింజ డబ్బాలో వేస్తాడు. మొన్నొకరోజు ‘స్’కి వేయలేదు. చూస్తే మిషన్ మైకు దగ్గర చెమట.

టీచర్: ఇక్కడ నేను కొంచెం పేచీ పెడతాను. మిషన్ వచ్చేదాకా చాలామంది బిడ్డతో మాట్లాడటమే మానేస్తారు, ఎలాగూ వినపడదుగా అని. సైగలు చెయ్యండంటే, అలవాటైతే మాట రాదని భయం.

ఆడియాలజిస్ట్: ఆ భయం మావాళ్ళూ కొంత పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ ఇంప్లాంట్ తర్వాత మాత్రం వినడం మీదే ఎక్కువ గంటలు పెట్టమంటాను.

టీచర్: పెట్టండి. మరి స్నానానికి మిషన్ తీసినప్పుడు? రాత్రి మధ్యలో లేచి భయపడినప్పుడు?

ఆడియాలజిస్ట్: (నవ్వుతూ) అప్పుడు సైగే.

వ్యాఖ్యాత: డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల సంగతి?

టీచర్: డౌన్ సిండ్రోమ్ పిల్లలకి చెవిలో నీరు చేరడం మామూలు. మందబుద్ధి అని వదిలేస్తారు, సగం సమస్య చెవిలో ఉంటుంది. ఇంట్లో చేసే పని ఒకటి చెప్తాను. అరటిపండు, బిస్కెట్టు రెండూ కళ్ళ ముందు పట్టుకుని ఏది కావాలని అడగండి. మనసులో పది లెక్కపెట్టండి. మన అమ్మమ్మలు మూడు దాకా ఆగితే గొప్ప, పండు నోట్లో పెట్టేస్తారు. చూపు తిప్పినా, చెయ్యి కదిపినా అది జవాబే. బొమ్మల చార్టు కూడా కొనక్కర్లేదు. చార్టులో గాజు గ్లాసు ఉంటుంది, మీ ఇంట్లో స్టీలుది. మీ గ్లాసునే ఫోనులో ఫొటో తీసి ప్రింట్ వేయించండి.

వ్యాఖ్యాత: ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని కొన్ని స్కూళ్ళు చెప్తున్నాయట.

టీచర్: ఆ అమ్మకి వచ్చింది ‘కమ్, సిట్, ఈట్’. తెలుగులో అదే అమ్మ ‘చెంబు బోర్లాపడిందిరా, నీళ్ళన్నీ పోయాయి, ఆ గుడ్డ ఇటు తే’ అంటుంది. బిడ్డకి ఎందులో ఎక్కువ మాటలు దక్కుతాయి?

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. చెప్పండి తాతగారూ.

కాలర్: మా మనవడికి ఏడాదిన్నరమ్మా. పిలిస్తే పలకడు. టీవీ పెడితే మాత్రం ఉరికొస్తడు. చెవులు బాగున్నట్టే కదా?

ఆడియాలజిస్ట్: టీవీకి వెలుగు కూడా ఉంటుంది కదండీ. ఆటిజమా, మరొకటా అనేది తర్వాత. ముందు చెవి చూపించండి. జిల్లా ఆస్పత్రిలో డి.ఇ.ఐ.సి., అంటే పిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స మొదలుపెట్టే కేంద్రం, ఎక్కడుందో అడగండి, పిల్లల్ని అక్కడ ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి.

కాలర్: ఎప్పుడు తీసుకపోవాలె?

ఆడియాలజిస్ట్: ఈ వారంలోనే. బేరా చేయాలంటే బాబు నిద్రలో ఉండాలి. ముందురోజు తలస్నానం చేయించండి, నూనె రాయకండి, వైర్లు అంటుకోవు. కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి పెందలాడే లేపండి. బస్సులో మాత్రం నిద్రపోనివ్వకండి.