పామీరు ఎందుకు మారుమూల అయింది? – చర్చా కార్యక్రమం పూర్తి పాఠం

సంచాలకుడు: నమస్కారం. నేటి చర్చాంశం పామీరు పర్వత ప్రాంతం. తజికిస్తాన్ తూర్పు భాగాన ఉన్న గోర్నో-బదఖ్షాన్ స్వయంపాలిత ప్రాంతం, ఆఫ్ఘనిస్తాన్‌కు చెందిన వాఖాన్ పట్టీ, చైనాలోని తాష్కుర్గాన్ పరిసరాలు కలిసిన ఈ ఎత్తైన భూమిని ప్రపంచానికి అందని చోటుగానే అందరూ వర్ణిస్తారు. అది ఎప్పుడూ అలాగే ఉండేదా, లేక తరువాత అలా అయిందా అన్నది తేల్చుకోవడానికి ముగ్గురు నిపుణులను ఆహ్వానించాము. వారిలో ఒకరు భూగోళశాస్త్ర ఆచార్యురాలు, మరొకరు మధ్య ఆసియా చరిత్రకారులు, ఇంకొకరు పర్వత ప్రాంత విపత్తులను అధ్యయనం చేసే భూవిజ్ఞాని. మేడమ్, ముందుగా ఆ నేల స్వరూపాన్ని మీరు వివరించండి.

భూగోళ ఆచార్యురాలు: హిందూకుష్, కారకోరం, కున్‌లున్, తియాన్ షాన్ శ్రేణులు ఒకదానికొకటి చేరువగా వచ్చే చోట పామీరు ఉంది. అయితే అది అంతటా ఒకే తీరు నేల కాదు. ఈ సంగతి మరిచిపోతే మిగతా చర్చంతా గందరగోళమవుతుంది. పశ్చిమ పామీరులో నదులు లోతుగా కోసిన ఇరుకు లోయలు ఉన్నాయి. వాటి అడుగున, ఏటి పక్కన దొరికే కాస్త చదును నేలలోనే గోధుమ, బార్లీ పండిస్తారు, ఆప్రికాట్, మల్బరీ చెట్లు పెంచుతారు. గుంట్ నది పాంజ్ నదిలో కలిసే చోట, సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఖోరోగ్ పట్టణం అటువంటి లోయలోదే. తూర్పు పామీరు దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ లోయల అడుగే 3,500 నుంచి 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అవి విశాలమైన లోయలే గాని చెట్టన్నది దాదాపు కనిపించదు. అక్కడి ముర్గాబ్ పట్టణంలో ఏడాది మొత్తానికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. పడమటి గాలులు మోసుకొచ్చే తేమను పశ్చిమ శ్రేణులే పట్టుకొని మంచుగా మార్చుకుంటాయి గనుక, తూర్పుకు మిగిలేవి చలి, గాలి, ఎండ మాత్రమే. సుమారు 77 కిలోమీటర్ల పొడవైన ఫెద్‌చెంకో హిమానీనదం తూర్పున కాక పశ్చిమ భాగంలో ఏర్పడటానికి కారణం కూడా ఇదే.

సంచాలకుడు: ధ్రువ ప్రాంతాలకు వెలుపల అంతకన్నా పొడవైన హిమానీనదం లేదంటారు గదా?

భూగోళ ఆచార్యురాలు: అవును, సాధారణంగా అలాగే లెక్కిస్తారు. ఎవరి పేరు దానికి పెట్టారో ఆ అలెక్సీ ఫెద్‌చెంకో దాన్ని చూడనే లేదు. ఆయన 1873లో ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ మీద మరణించగా, హిమానీనదం 1878లో ఒషానిన్ యాత్రలో కనబడింది. దాని పూర్తి విస్తీర్ణం 1928 నాటి సోవియట్-జర్మన్ యాత్రతో గాని తెలియలేదు. అంటే యాభై ఏళ్లపాటు అంతటి మంచు ప్రవాహం ఎక్కడ మొదలవుతుందో పటం గీసేవారికి తెలియదన్నమాట. పామీరు మనుషులకు అందకుండా ఉండటంలో కొండల పాత్ర ఎంతో దీన్ని బట్టే ఊహించవచ్చు.

చరిత్రకారుడు: ఇక్కడే నేను విభేదిస్తాను. ఆ కొండల ఎత్తు వెయ్యేళ్ల కిందటా అంతే, అయినా జనం దాటారు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు జువాన్‌జాంగ్ భారతదేశం నుంచి తిరిగి వెళ్తూ ఈ మార్గంలోనే నడిచాడు. రెండు మంచు కొండల నడుమ లోయనూ, అందులోని పెద్ద సరస్సునూ, వేసవిలోనూ ఆగని మంచుగాలినీ వర్ణించాడు. 747లో చైనా టాంగ్ వంశపు సేనాని గావ్ షియాన్‌జీ పది వేల సైన్యంతో పామీరు దాటి, మూడు పాయలుగా వచ్చిన బలగాలను వాఖాన్‌లో ఒకచోట కలిపి, అక్కడి టిబెటన్ కోటను గెలిచి, దక్షిణాన ఇంకొక మంచు కనుమ ఎక్కి గిల్గిత్ వైపు దిగాడు. అంతటి సైన్యానికి గడ్డి, ధాన్యం, దారి చూపేవారు దొరికారంటే ఆ దారులు అప్పటికే వాడుకలో ఉన్నాయని అర్థం. పామీరుకు నైరుతి అంచున సర్-ఎ-సంగ్ గనుల్లో తవ్విన నీలి రాయి, లాపిస్ లజులి, అంతకు మూడు వేల ఏళ్ల ముందే మెసొపొటేమియాకు చేరింది. సరుకు, సైన్యం, సన్యాసి, ముగ్గురూ తిరిగిన చోటును ప్రపంచానికి అందనిదని ఎలా అంటాము?

భూగోళ ఆచార్యురాలు: ఒకరు దాటిపోవడం వేరు, అక్కడ బతికేవారికి పొరుగు లోయ అందుబాటులో ఉండటం వేరు. మార్కో పోలో తన పామీరు ప్రయాణం గురించి చెబుతూ, ఇక్కడ మంట ప్రకాశంగా మండదని, ఆహారం సరిగా ఉడకదని అన్నాడు. చలి వల్లనని ఆయన అనుకున్నాడు గాని, గాలి పీడనం తగ్గి 4,000 మీటర్ల ఎత్తున నీరు సుమారు 87 డిగ్రీలకే మరగడం దానికి అసలు కారణం. బాటసారికి అది కొద్ది రోజుల ఇబ్బంది. లోయవాసులకు చలికాలమంటే కనుమలు మూసుకుపోయే నెలలు. షుగ్నీ, రుషానీ, బర్తంగీ, యజ్గులామీ, ఇష్కాషిమీ, వాఖీ అని ఇన్ని వేర్వేరు తూర్పు ఇరానీ భాషలు కొద్దిమంది జనంలో నిలిచి ఉన్నాయంటే, యజ్గులామీ దాదాపు ఒక్క లోయకే పరిమితమై ఉందంటే, ఆ ఒంటరితనాన్ని ఏ రాజూ చట్టం చేసి సృష్టించలేదు.

చరిత్రకారుడు: ఆ మాట ఒప్పుకుంటాను. అయితే మీరు ఇప్పుడే పేర్కొన్న వాఖీనే తీసుకోండి. ఆ భాష మాట్లాడేవారు నేడు తజికిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, చైనా నాలుగు దేశాల్లో ఉన్నారు. కనుమలు దాటి వెళ్లి హుంజా ఎగువన స్థిరపడిన ప్రజలు వారు. కొండలు ఆపని ఆ మనుషులను ఆపినదేమిటో చూడాలంటే 19వ శతాబ్దానికి రావాలి.

సంచాలకుడు: సరిహద్దుల విషయానికి వద్దాం. వాఖాన్ పట్టీ అంత విచిత్రమైన ఆకారంలో ఎందుకు ఉన్నది?

చరిత్రకారుడు: రష్యా, బ్రిటిష్ సామ్రాజ్యాలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలన్న పట్టుదల వల్ల. 1838 ఫిబ్రవరిలో జాన్ వుడ్ అనే నౌకాదళ అధికారి గడ్డకట్టిన జోర్‌కుల్ సరస్సు వరకు వెళ్లి, ఆక్సస్ నది, అంటే నేటి అమూ దర్యా, పుట్టుక అదేనని ప్రకటించాడు. పాంజ్ ఆ నదికి ఎగువ భాగమే. 1873లో లండన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రభుత్వాలు ఆ భౌగోళిక జ్ఞానం మీదనే ఆధారపడి, నదికి దక్షిణం ఆఫ్ఘన్ అమీరుదని ఉత్తరాల్లో ఒప్పుకున్నాయి. ఆ ఉత్తరాలు రాసినవారిలో ఎవరూ పాంజ్ ఒడ్డున నిలబడి చూడలేదు. చూసి ఉంటే, షుగ్నాన్, రోషాన్ సంస్థానాలు నదికి రెండు వైపులా విస్తరించి ఉన్నాయని, కొండ ప్రాంతంలో జనాన్ని విడదీసేది శిఖర రేఖే తప్ప నది కాదని తెలిసేది. ఇరవై ఏళ్లపాటు ఆ గీత కాగితం మీదే ఉండిపోయింది. 1891లో కర్నల్ అయోనోవ్ బోజాయ్ గుంబాజ్ వద్ద బ్రిటిష్ అధికారి యంగ్‌హస్బెండ్‌ను కలిసి, ఇది రష్యా భూమి, వెళ్లిపొమ్మన్నాడు. మరుసటి ఏడాది అదే అయోనోవ్ దళం యాషిల్‌కుల్ దగ్గర సోమాతాష్‌లో ఆఫ్ఘన్ కాపలా దళాన్ని హతమార్చింది. 1893లో రష్యన్లు తూర్పు పామీరులో స్థిరమైన సైనిక స్థావరం కట్టారు, నేటి ముర్గాబ్ దాని నుంచి పుట్టిన ఊరే. చివరికి 1895లో సంయుక్త సరిహద్దు సంఘం జోర్‌కుల్ నుంచి తూర్పుగా చైనా అంచు వరకు గీత గీసింది. పాంజ్‌కు కుడి ఒడ్డున ఉన్న రోషాన్, షుగ్నాన్ భాగాలు రష్యా రక్షణలోని బుఖారాకు, ఎడమ ఒడ్డు ఆఫ్ఘనిస్తాన్‌కు వెళ్లాయి. దాదాపు 350 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల పట్టుమని 15 కిలోమీటర్లు కూడా లేని వెడల్పుగల వాఖాన్ పట్టీ, రెండు సామ్రాజ్యాల మధ్య ఎడం కోసం, అమీరు అబ్దుర్ రహమాన్‌కు అంతగా ఇష్టం లేకున్నా ఆయన రాజ్యానికి తగిలించారు.

సంచాలకుడు: ఆ గీత అప్పుడే రాకపోకలను ఆపిందా?

చరిత్రకారుడు: లేదు. జార్ కాలంలో పెళ్లిళ్లు, పశువుల మేత, మొక్కుబడులు రెండు ఒడ్డుల మధ్య సాగుతూనే ఉన్నాయి. షియా ఇస్లాంలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీ సంప్రదాయానికి ఇక్కడ ఆద్యుడుగా గౌరవం పొందే 11వ శతాబ్దపు కవి నాసిర్ ఖుస్రో సమాధి ఆఫ్ఘన్ బదఖ్షాన్‌లోని యుమ్‌గాన్‌లో ఉంది. భక్తులకు సరిహద్దుతో పని లేదు. 1930లలో సోవియట్ ప్రభుత్వం కాపలా బిగించిన తరువాతనే నది అవతల మేనమామ ఉన్నా పలకరించే వీలు లేకుండా పోయింది. ఇంకా ఘోరంగా నష్టపోయినవారు పామీరు కిర్గిజ్ పశుపాలకులు. వేసవికి ఒక లోయ, శీతకాలానికి మరొక లోయ అన్న వారి జీవనం ఉత్తరాన సోవియట్ కంచె, తూర్పున 1949 తరువాత చైనా కాపలా పడ్డాక వాఖాన్ పై భాగంలో బంధించబడింది. 1978లో సుమారు 1,300 మంది రహమాన్ కుల్ నాయకత్వంలో పాకిస్తాన్‌కు తరలిపోయారు. వారిలో ఎక్కువమందికి 1982లో టర్కీ వాన్ రాష్ట్రంలో ఊరు కట్టించి ఇచ్చింది. కొందరు వెనక్కి వచ్చి నేటికీ 4,000 మీటర్ల ఎత్తున యాక్‌లను, గొర్రెలను మేపుకుంటున్నారు.

సంచాలకుడు: ఇక భూవిజ్ఞాని గారి వంతు. 1911 నాటి సరేజ్ సరస్సు ఘటనను మీరు వివరించాలి.

భూవిజ్ఞాని: భారత ఫలకం ఆసియాలోకి చొచ్చుకొస్తున్న ఒత్తిడిలో పామీరు మొత్తంగా ఉత్తరానికి నెట్టబడుతున్నది, అందుకే అక్కడ భూకంపాలు కొత్త కాదు. 1911 ఫిబ్రవరి 18న వచ్చిన కంపానికి ముర్గాబ్ నది లోయలో ఒక కొండ భుజం విరిగి పడింది. దాని పరిమాణం సుమారు రెండు ఘన కిలోమీటర్లు. ఉసోయ్ గ్రామం దాని కింద జనంతో సహా కప్పబడిపోయింది. నది ఆగిపోవడంతో వెనుక నీరు పెరుగుతూ వచ్చి, ఆ ఏడాదే సరేజ్ గ్రామాన్ని ముంచింది. సరస్సుకు ఆ పేరే నిలిచింది. అడ్డుగా పడిన రాళ్లగుట్ట ఎత్తు సుమారు 567 మీటర్లు. మనిషి కట్టిన ఏ ఆనకట్టా అంత ఎత్తుకు చేరలేదు. నేడు సరస్సు దాదాపు 60 కిలోమీటర్ల పొడవు, 500 మీటర్ల లోతు ఉంది, అందులో 16 నుంచి 17 ఘన కిలోమీటర్ల నీరు నిలిచింది.

సంచాలకుడు: అది తెగితే ఏమవుతుందన్న భయం తరచుగా వినిపిస్తుంది.

భూవిజ్ఞాని: గుట్ట ఒక్కసారిగా కూలుతుందని నేను భావించను. దాని మందం ఎత్తుకు ఎన్నో రెట్లు, పైగా నీరు రాళ్ల సందుల గుండా దిగువన ఊటలుగా బయటపడుతూ, పైకి పొంగకుండా మట్టాన్ని దాదాపు నిలకడగా ఉంచుతున్నది. 2015 డిసెంబరు 7న అదే ప్రాంతంలో 7.2 తీవ్రత గల భూకంపం వచ్చినా గుట్ట నిలిచింది. నన్ను కలవరపెట్టేది సరస్సు కుడి గట్టున కదులుతున్న వాలు. అది విరిగి నీటిలో పడితే లేచే అల గుట్ట మీదుగా దూకి బర్తంగ్ లోయలోని ఊళ్లను ఊడ్చుకుపోగలదు. అందుకే 2000ల మధ్యలో ముందస్తు హెచ్చరిక పరికరాలు అమర్చారు. కాని సైరన్ మోగాక ఎత్తైన చోటికి ఎక్కడానికి ఊరివారికి దొరికే వ్యవధి, వారు ఏ లోయలో ఏ వాలు కింద ఉంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నష్టాన్ని కొలిచే పటాలు చేసేవారు ఆ కాలిబాటలను కూడా కొలవాలని నేను పదే పదే చెబుతుంటాను.

సంచాలకుడు: సోవియట్ కాలం మరొక విధంగా ఈ ప్రాంతాన్ని తెరిచిందని కూడా అనవచ్చు గదా?

చరిత్రకారుడు: ఒక వైపు మూసి, మరొక వైపు తెరిచింది. 1925లో గోర్నో-బదఖ్షాన్ స్వయంపాలిత ప్రాంతంగా ఏర్పడింది. 1931-34 మధ్య కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచి ఖోరోగ్‌కు పామీరు రహదారి వేశారు. చదువు, వైద్యం, కరెంటు లోయల్లోకి వచ్చాయి. మరోవైపు కొన్ని ఎగువ గ్రామాలను ఖాళీ చేయించి జనాన్ని వఖ్ష్ లోయ పత్తి పొలాలకు తరలించారు. సరుకంతా బయటి నుంచే రావడం అలవాటైన ఆ సమాజం, 1991లో సోవియట్ యూనియన్ కూలి, మరుసటి ఏడాది అంతర్యుద్ధం మొదలవగానే ఆకలి అంచుకు చేరింది. 1993 నుంచి ఇస్మాయిలీల మతగురువు ఆగాఖాన్ స్థాపించిన ఆగాఖాన్ ఫౌండేషన్ ఓష్ దారి గుండా ఆహారం చేర్చి ఉండకపోతే ఆ శీతకాలాలు ఎలా గడిచేవో చెప్పలేము.

భూగోళ ఆచార్యురాలు: దీనికి పర్యావరణ కోణం ఒకటి ఉంది. తూర్పు పామీరులో చెట్లు లేవని చెప్పాను. అక్కడ నేలను పట్టుకొని ఉంచేది తెరెస్కెన్ అనే పొట్టి, గట్టి పొద. సోవియట్ బొగ్గు రాక ఆగిపోయాక ముర్గాబ్ జనం పొయ్యిల కోసం దాన్ని వేళ్లతో సహా పెరికారు. ఆ చలిలో పొద మళ్లీ ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది, అది పోయిన చోట ఇసుక లేస్తుంది, యాక్‌లకు మేత తగ్గుతుంది. ఇంధన సబ్సిడీ ఆగిన ఫలితం పచ్చిక బయళ్ల మీద ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు అరుదు.

సంచాలకుడు: సమయం దగ్గరపడింది. ఇప్పుడు పరిస్థితి మారుతున్నదా?

చరిత్రకారుడు: 2002లో ఖోరోగ్ వద్ద పాంజ్ మీద వంతెన తెరిచారు, ఖోరోగ్ విద్యుత్తు అవతలి ఆఫ్ఘన్ గ్రామాలకూ చేరింది. 2004లో కుల్మా కనుమ మీదుగా చైనా దారి తెరుచుకొని, సరుకు లారీలు ముర్గాబ్ గుండా నడుస్తున్నాయి. 4,363 మీటర్ల కుల్మా తెరుచుకున్నది, వాఖాన్ కొసన చైనా సరిహద్దులోని వాఖ్జిర్ కనుమ మూతపడే ఉన్నది. రెండింటిలో ఏది తెరవాలో నిర్ణయించింది ప్రభుత్వాలే గాని మంచు కాదు.

భూగోళ ఆచార్యురాలు: వాఖ్జిర్ ఎత్తు 4,900 మీటర్లకు పైనే. ఆ ఐదు వందల మీటర్ల తేడాలో శీతకాలం లారీ తోలి చూసినవారు మంచుకు ఓటు లేదని అనరు. ప్రభుత్వం అనుమతి ఇచ్చినా, ఏడాదిలో ఎన్ని నెలలు ఆ దారి నడుస్తుందన్నది వేరే లెక్క.

చరిత్రకారుడు: ఆ లెక్క వేసే అవకాశం వాఖీలకు, కిర్గిజ్‌లకు ముందు ఇవ్వాలి గదా అంటాను నేను.