మార్కెట్ పడింది, మరి టాక్స్ ఎందుకు పెరిగింది? టెక్సాస్ ప్రొటెస్ట్ లెక్క

ఏప్రిల్ వస్తే చాలు, నాకు ఒకటే ఫోన్లు. "మా వీధిలో ఇళ్ల రేట్లు పడిపోయాయి కదా, నా ఇంటి టాక్స్ ఎందుకు పెరిగింది, కౌంటీ వాళ్లు తప్పు చేశారు" అని. ఫ్రిస్కో వాళ్లదీ ఇదే మాట, ఆస్టిన్ వాళ్లదీ ఇదే మాట. తప్పు కాదండీ బాబూ, చాలాసార్లు లెక్క కరెక్టే.

అప్రైజల్ డిస్ట్రిక్ట్, అంటే ఇళ్లకి విలువ కట్టే ఆఫీసు, పంపిన నోటీసు చేతిలోకి తీసుకోండి. అందులో మార్కెట్ వాల్యూ ఒకటి, అప్రైజ్డ్ వాల్యూ ఒకటి ఉంటాయి. అందరూ మొదటిది చూసి ఆగిపోతారు. మన ఊళ్లో ఆవకాయ జాడీలు పెట్టే అటక గుర్తుందా? ఆ అటకే మార్కెట్ వాల్యూ అనుకోండి. అప్రైజ్డ్ వాల్యూ ఏమో నిచ్చెన వేసుకుని అటక దాకా ఎక్కుతున్న మనిషి. హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉన్న ఇంటికి, అంటే ఓనరే ఉంటున్న ఇంటికి, ఈ మనిషి ఏడాదికి ఒక్క మెట్టే ఎక్కాలి, అంటే 10 శాతం, అటక ఎంత పైకి పోయినా సరే. 2021, 22లో రేట్లు మండిపోయినప్పుడు మనల్ని కాపాడింది ఈ మెట్టే.

ఇప్పుడు అటక 6,00,000 డాలర్ల దగ్గర ఉంది, మనిషి 4,40,000 దగ్గర ఉన్నాడు. మరుసటి ఏడాది అటక 5,60,000కి దిగింది, మీరు సంబరపడ్డారు. కానీ మనిషి ఇంకా కిందే ఉన్నాడు కదా, అతని పని అతనిది, ఇంకో మెట్టెక్కి 4,84,000కి వచ్చాడు. మినహాయింపులు పోగా టాక్స్ పడేది మనిషి నిలబడ్డ చోటు మీద, అటక మీద కాదు.

మా ఫ్రెండ్ ఒకతను ఇలాగే ప్రొటెస్ట్ చేసి, అంటే విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం పెట్టి, 5,60,000ని 5,20,000 చేయించుకుని గ్రూపులో లడ్డూ బొమ్మలు పెట్టాడు. ఆ ఏడాది మిగిలింది ఎంత? సున్నా! అటక దిగింది గానీ మనిషి తలకి తగల్లేదు. 4,84,000 కంటే కిందికి దిగి, అతని తల బొప్పి కడితేనే మీ జేబులో డబ్బు మిగిలేది.

మరి లాభం ఎవరికి? 2022లో పీక్‌లో కొన్నవాళ్లకి. ఇల్లు చేతులు మారితే పాత నిచ్చెన తీసేస్తారు, కొన్నవాళ్లు నేరుగా అటక మీదే కూర్చుంటారు, కాబట్టి అటక దిగితే వాళ్లూ దిగుతారు. రేటు 2 శాతం అనుకుంటే 20,000 తగ్గిస్తే 400 డాలర్లు. మరి ప్రొటెస్ట్ ఫారం నింపడానికి బద్ధకమేంటో నాకు అర్థం కాదు.

హియరింగ్‌లో "ఇంత టాక్స్ కట్టలేమండీ" అనకండి. టాక్స్ రేటు పెట్టేది సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు, మీ ఎదురుగా కూర్చుని మీ ప్రొటెస్ట్ వినేవాళ్లు కాదు. అక్కడ ప్రశ్న ఒక్కటే, జనవరి 1న మీ ఇల్లు ఎంత చేస్తుంది? టెక్సాస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న రూల్ లేదు, అందుకే వెబ్‌సైట్ చూపించే అంచనా కంటే మీ రియల్టర్ తీసిచ్చే కంప్స్, అంటే మీ ఇంటిలాంటి ఇళ్లు అమ్ముడైన ధరలు, నయం, అవీ జనవరి దరిదాపుల్లో అమ్ముడైనవి. ఇంకోటి, డాలస్ చుట్టూ ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టే, ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది, పునాదులు కదులుతాయి. గోడ మీద పగులుంటే పక్కన ఒక క్వార్టర్ బిళ్ల పట్టుకుని ఫోటో తీయండి, ఎంత వెడల్పో తెలుస్తుంది. రిపేర్ కొటేషన్ కూడా జత చేయండి, ఉత్త ఫోటోకి బేరం తెగదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఫారంలో మార్కెట్ కంటే ఎక్కువ వేశారన్నదీ, చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే ఎక్కువ వేశారన్నదీ రెండూ టిక్ పెట్టండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ దగ్గరున్న ఆధారాలు అడగండి, హియరింగ్‌కి 14 రోజుల ముందు ఇవ్వాలి. ముందు అప్రైజర్‌తో మాట్లాడి చూడండి, కుదరకపోతే హియరింగ్ జరిపే రివ్యూ బోర్డు. అక్టోబర్‌లో బిల్లు వచ్చాక మాత్రం నాకు ఫోన్ చేయకండి, ప్లీజ్. కాలిఫోర్నియా వాళ్లూ, మీ నిచ్చెన మెట్టు 2 శాతమే, మీ కథ వేరే, వచ్చే వారం చూద్దాం.