వాసన కలపడానికి వీల్లేని గ్యాస్

(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక పెట్టిన ప్రసంగం కాబట్టి ఉపోద్ఘాతం జోలికి పోకుండా ఒక ప్రశ్న అడుగుతాను. ఇంట్లో గ్యాస్ లీకైతే ఎలా తెలుస్తుంది? వాసన వస్తుంది. అమ్మ వంటింట్లో అడుగుపెడుతూనే "ఎవర్రా స్టవ్ కట్టెయ్యకుండా పోయింది?" అని కేకేస్తుంది. నిజానికి ఎల్‌పీజీకి తనంతట తనకు అంత వాసన లేదు. ఇథైల్ మెర్కాప్టన్ అనే పదార్థాన్ని కావాలనే అందులో కలుపుతారు. రవ్వంత కలిపినా చాలు, ముక్కు పట్టేస్తుంది.

హైడ్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు. అలాంటప్పుడు దీనిలోనూ ఆ మెర్కాప్టనేదో కలిపేస్తే పోలా? సేఫ్టీ ఇంజినీరుకు ముందుగా తట్టేది ఇదే. ఆలోచనలో తప్పేమీ లేదు. కానీ హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ మీద పనిచేసే కెమిస్టు ఈ మాట వింటే తల పట్టుకుంటారు. మెర్కాప్టన్‌లో గంధకం ఉంటుంది. ఫ్యూయల్ సెల్‌లో పనంతా చేసేది ప్లాటినం. అదే అక్కడి ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను నడిపించేది. గంధకం ఒకసారి ప్లాటినం మీద చేరి కూర్చుందంటే ఒక పట్టాన లేవదు, హైడ్రోజన్‌కు చోటివ్వదు. అందుకే వాహనాలకు పోసే హైడ్రోజన్ స్వచ్ఛతకు ఐఎస్ఓ 14687 అనే ప్రమాణం పెట్టారు. దాని ప్రకారం వంద కోట్ల అణువుల్లో గంధకం కలిసినవి 4కు మించకూడదు. మీరు విన్నది నిజమే, వంద కోట్లకు నాలుగు.

సరే, వాసన వద్దు, సెన్సర్లు పెడదాం అంటారు ఎలక్ట్రానిక్స్ వాళ్ళు. ఎక్కడ పెట్టాలి? ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. హైడ్రోజన్ పైకి లేస్తుంది, కప్పు మూలల్లో చేరుతుంది. అంటే ఆ గది పైకప్పును ఎలా కట్టాలో ఇప్పుడు సివిల్ వాళ్ళను అడగాలి. వాసన అనే ఒక్క చిన్న విషయం నాలుగు శాఖల గుమ్మాలు తిరిగింది, ఇంకా తేలలేదు. ఈ మధ్యాహ్నం నేను చెప్పదలచుకున్నది ఇదే: హైడ్రోజన్‌లో ఒకరికి పరిష్కారంగా కనిపించేది పక్కవాళ్ళకు విషం కావచ్చు. ఆ సంగతి డ్రాయింగ్ దశలో తెలుస్తుందా, యంత్రం పాడయ్యాక తెలుస్తుందా అన్నదే తేడా.

ఇందులో కొత్తేమీ లేదు, మొదటినుంచీ కథ ఇంతే. 1838-39 ప్రాంతంలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి కరెంటు పుట్టించవచ్చని గమనించినవాళ్ళు ఇద్దరు. స్విట్జర్లాండులోని బాసెల్‌లో షోన్‌బైన్ అనే రసాయన ఆచార్యుడు, బ్రిటన్‌లో విలియం గ్రోవ్. ఈ గ్రోవ్ వృత్తిరీత్యా లాయరు, తర్వాత జడ్జి కూడా అయ్యాడు. నువ్వా నేనా అని కొట్టుకోకుండా ఇద్దరూ స్నేహితులై ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. ఆ తర్వాత వందేళ్ళదాకా దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1930లలో మొదలుపెట్టి, 1959 నాటికి ఫోర్క్‌లిఫ్ట్‌ను నడిపేంత సెల్ చేసి చూపించాడు. అపోలో నౌకల్లో కరెంటూ తాగేనీళ్ళూ ఇచ్చింది ఆయన పద్ధతిలో చేసిన సెల్లే.

నాకు బేకన్ కంటే ఆసక్తిగా అనిపించేది అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జరిగినది. 1955లో అక్కడ థామస్ గ్రబ్ అనే కెమిస్టు సెల్ లోపల ఉండే ద్రవానికి బదులు పల్చని ప్లాస్టిక్ పొరను వాడవచ్చని చూపించాడు. ఆ పొర గుండా ప్రోటాన్లు మాత్రమే పోతాయి. మరి పొరమీద ప్లాటినం నిలవాలి కదా? మూడేళ్ళ తర్వాత ఆ పని సాధించినవాడు లియోనార్డ్ నీడ్రాక్ అనే మరో కెమిస్టు. అందుకే ఆ సెల్‌ను ఇద్దరి పేర్లూ కలిపి పిలిచారు. 1965లో జెమిని 5 నౌకలో అది అంతరిక్షానికి వెళ్ళింది. ఇవాళ మీరు కార్లలో, బస్సుల్లో చూస్తున్నది దాని సంతతే.

కానీ ఖర్చు? చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం. అంతరిక్ష నౌకకైతే చెల్లింది గానీ బస్సుకు చెల్లుతుందా? ఈ ముడి 1980లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో వీడింది. ఎలా వీడిందో కాస్త ఆగి చూద్దాం.

ప్లాటినం రేణువు పనిచేయాలంటే దాని దగ్గరకు మూడు చేరాలి. గ్యాస్ రావాలి, ఎలక్ట్రాన్ పోవడానికి కార్బన్ తగలాలి, ప్రోటాన్ పోవడానికి పొర తగలాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ రేణువు ఉన్నా లేనట్టే. పాత ఎలక్ట్రోడ్‌లో, అంటే ప్లాటినం ఉండే కార్బన్ భాగంలో, పొరను ఆనుకుని ఉన్న ప్లాటినమే పనిచేసేది, లోపలున్నదంతా ఊరికే పడి ఉండేది. లాస్ అలమోస్ వాళ్ళు పొర చేసే పాలిమర్‌నే ద్రావణంగా మార్చి ఎలక్ట్రోడ్‌లోకి ఇంకించారు. దాంతో లోపలి రేణువులకూ ప్రోటాన్ దారి దొరికింది. ప్లాటినం అవసరం పదోవంతుకు, అంటే 0.4 మిల్లీగ్రాములకు పడిపోయింది. చూడండి, ఇక్కడ కొత్త ఉత్ప్రేరకాన్ని ఎవరూ కనిపెట్టలేదు. ఎలక్ట్రోకెమిస్ట్రీ వాళ్ళ కష్టానికి మందు పాలిమర్ వాళ్ళ సీసాలో దొరికింది.

ఇప్పుడు దీనికి తిరకాసు చెబుతాను. సెల్‌కూ సెల్‌కూ మధ్య ఒక ప్లేటు ఉంటుంది, బైపోలార్ ప్లేటు అంటాం. పాతకాలంలో గ్రాఫైట్‌తో మందంగా చేసేవారు. మెకానికల్ ఇంజినీరు వచ్చి, "స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేద్దాం, పల్చగా వస్తుంది, బరువు తగ్గుతుంది" అంటారు. నిజమే, తగ్గుతుంది. కానీ లోపల ఆమ్ల వాతావరణం, 80 డిగ్రీల దాకా వేడి. పూత సరిగ్గా లేకపోతే స్టీలు నుంచి ఇనుము అయాన్లు కొద్దికొద్దిగా ఊడి వస్తాయి. సెల్ నడుస్తున్నప్పుడు పక్కదారి పట్టిన చర్యలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతూ ఉంటుంది. ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే మహా చురుకైన కణాలు వస్తాయి. కెమిస్ట్రీలో ఫెంటన్ చర్య చదివే ఉంటారు, పరీక్షలో రాసి మరిచిపోయి ఉంటారు. ఆ రాడికల్స్ పొరను కొరికేస్తాయి. ఆ పొర గిన్నె మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది, కొన్నింట్లో 15 మైక్రాన్లు కూడా ఉండదు. అది చిల్లుపడితే హైడ్రోజన్, ఆక్సిజన్ నేరుగా కలుస్తాయి. రాడికల్స్‌ను పట్టేయడానికి పొరలో సీరియం అనే లోహం కలపమన్నారు మెటీరియల్స్ వాళ్ళు. కలిపారు, పనిచేసింది. అయితే సీరియం ఉన్నచోట ఉండదు, నీటితో, కరెంటుతో పాటు జరిగిపోతూ ఉంటుంది. ప్లేటు బరువు తగ్గిద్దాం అన్న ఒక్క మంచి మాట ఎందాకా వచ్చిందో చూశారా!

మన దేశంలో ఇలాంటి ఉమ్మడి పని జరగలేదా అంటే జరిగింది. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ, కారైక్కుడిలోని ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ, కేపీఐటీ అనే ప్రైవేటు కంపెనీ కలిసి పనిచేశాయి. రెండు సీఎస్ఐఆర్ ల్యాబ్‌లకు రసాయన శాస్త్రం తెలుసు, కంపెనీకి వాహనం తెలుసు. లోహపు ప్లేట్లు పల్చగా చేయడంతో స్టాక్ (వరసగా పేర్చిన సెల్స్ కట్ట) బరువు మూడింట రెండు వంతులు తగ్గిందని చెప్పారు. 2020 అక్టోబరులో 10 కిలోవాట్ల స్టాక్‌ను మామూలు ఐదు సీట్ల కారులో బిగించి నడిపారు. 350 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 350 రెట్ల ఒత్తిడిలో పావు తక్కువ రెండు కిలోలు, అంటే 1.75 కిలోల హైడ్రోజన్‌తో దాదాపు 250 కిలోమీటర్లు వెళ్ళవచ్చని అంచనా. 2022 ఆగస్టులో పుణెలోనే హైడ్రోజన్ బస్సు వచ్చింది. ఇస్రో వాళ్ళయితే 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్ళిన పీఎస్ఎల్‌వీ-సీ58 చివరి దశలో 100 వాట్ల తరగతి ఫ్యూయల్ సెల్‌ను పెట్టి పరీక్షించారు, 180 వాట్లు వచ్చాయి. మన రైల్వే హైడ్రోజన్ రైలు పని హైదరాబాద్‌లోని మేధా సర్వో డ్రైవ్స్‌కు దక్కింది. దానికి ఫ్యూయల్ సెల్ మాడ్యూళ్ళు కెనడాలోని బల్లార్డ్ కంపెనీ నుంచి. డీజిల్ రైలును మార్చే నేర్పు ఒకరిది, సెల్ మరొకరిది.

కలిసి పనిచేయడం అనగానే మనవాళ్ళు ఒప్పంద పత్రం మీద సంతకాలు, శాలువా, ఫొటో అనుకుంటారు. ఫొటో తప్పు కాదు, నేనూ దిగాను. కానీ అసలు పని మరెక్కడో ఉంటుంది. ఉదాహరణకు కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టామనే వ్యాసాలు వారానికి ఎన్ని వస్తాయో లెక్కలేదు. చాలావరకు ద్రావణంలో తిరిగే చిన్న డిస్క్ మీద పరీక్షించినవి. అక్కడ ప్లాటినంకు పది రెట్లు అన్నది అసలు సెల్‌లో పెట్టేసరికి చప్పబడిపోతుంది. డిస్క్ మీద నీళ్ళు సమృద్ధి, గ్యాస్‌కు అడ్డు లేదు. సెల్‌లో పరిస్థితి వేరు. పైగా ఒక ల్యాబ్ ఒక ఉష్ణోగ్రతలో, ఇంకొకరు ఇంకో తేమలో కొలిస్తే ఎవరి అంకెను ఎవరితో పోల్చాలి? అందుకే యూరప్‌లో ఉమ్మడి పరిశోధన కేంద్రం జేఆర్‌సీ కూర్చుని, సెల్‌ను ఎలా పరీక్షించాలో అందరికీ ఒకే పద్ధతి రాసింది. చదవడానికి అంత నీరసమైన పుస్తకం ఇంకోటి ఉండదు. ఉపయోగంలో మాత్రం వంద వ్యాసాల పెట్టు.

లక్ష్యాన్ని పెట్టడంలో కూడా కిటుకుంది. అమెరికాలో 2020లో లాస్ అలమోస్, లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌ల నాయకత్వంలో లారీల ఫ్యూయల్ సెల్ కోసం ఒక కూటమి మొదలైంది. దాని లక్ష్యం ఒకే ఒక అంకె: 25,000 గంటలు నడిచినంత అరిగాక కూడా గ్రాము ప్లాటినంకు 2.5 కిలోవాట్లు రావాలి. ఈ ఒక్క వాక్యంలో ఖర్చు ఉంది, సామర్థ్యం ఉంది, మన్నిక ఉంది. పొర మనిషి "నా పొర గట్టిది" అని, ఉత్ప్రేరకం మనిషి "నా రేణువు చురుకైనది" అని విడివిడిగా గెలవడానికి వీల్లేదు. ఇంత తెలివైన లక్ష్యాన్ని నేను మన ప్రాజెక్టు పత్రాల్లో అరుదుగా చూశాను. మన దగ్గర ప్రతి సంస్థకూ విడి లక్ష్యం, విడి నివేదిక, చివర్లో విడి అభినందన.

ఇంకొక రకం నిపుణుల సంగతి చెప్పకపోతే పాపం. ల్యాబ్‌లో పరీక్షించే సెల్‌కు ఎనిమిది బోల్టులుంటాయి. టార్క్ రెంచితో ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోవాలి. ఎక్కువ బిగిస్తే లోపలున్న కార్బన్ పేపర్ నలిగి గ్యాస్ ఆడదు. తక్కువైతే లీకు, పైగా కరెంటు సరిగ్గా పారదు. ఐటీఐ చదివిన టెక్నీషియన్ చేత్తో బిగించిన సెల్ వారాల తరబడి ఒకే గీత మీద నడవడం, పీహెచ్‌డీ చేసినవాళ్ళు బిగించినది మధ్యాహ్నానికే బుసకొట్టడం నా కళ్ళతో చూశాను. వ్యాసంలో ఆయన పేరు ఉండదు. బోల్టే కదా అనకండి. 2019 జూన్ 10న నార్వేలో, ఓస్లో పక్కన సాండ్వికాలో హైడ్రోజన్ బంకు పేలింది. పక్క రోడ్డు మీద వెళ్తున్న కార్లలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. విచారణలో తేలిందేమిటంటే, అధిక ఒత్తిడి ట్యాంకు ప్లగ్గులో లోపలి బోల్టులు తగినంత బిగించలేదు. ఆ తర్వాత కారణం తేలేదాకా వేరే చోట్ల బంకులూ మూశారు, అక్కడ హైడ్రోజన్ కార్ల అమ్మకాలూ ఆపారు.

ఇక మన ఇంటి గుమ్మంలోకి వద్దాం. గ్రీన్ హైడ్రోజన్ అంటే బొగ్గు వాడకుండా, ఎండ, గాలి కరెంటుతో నీళ్ళ నుంచి తీసే హైడ్రోజన్. 2023 జనవరిలో కేంద్రం నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు రూ.19,744 కోట్లు ఆమోదించింది. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అన్నారు. పేపర్లో అంకె చదివి పేజీ తిప్పేశాం. ఒకసారి లెక్క కడదాం, పెన్ను తీయండి.

కిలో హైడ్రోజన్‌కు ఎలక్ట్రోలైజర్, అంటే కరెంటుతో నీళ్ళను విడగొట్టే యంత్రం, సుమారు 50 యూనిట్లు తింటుంది. 1,500 టన్నులంటే 15 లక్షల కిలోలు. రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు. పక్కనే ఉన్న సింహాద్రి థర్మల్ స్టేషన్ సామర్థ్యం 2,000 మెగావాట్లు, అది 24 గంటలూ పూర్తిగా నడిచినా వచ్చేది 4 కోట్ల 80 లక్షల యూనిట్లు. అంటే ఒకటిన్నర సింహాద్రులు కావాలి, అదీ బొగ్గు లేకుండా, రాత్రిపూట ఎండ ఉండదని గుర్తుపెట్టుకుని. ఎలక్ట్రికల్ వాళ్ళూ, ఇది మీకు.

కిలోకు 9 లీటర్ల నీళ్ళు చర్యలోనే ఖర్చవుతాయి. రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు. చల్లబరచడానికీ శుద్ధి చేయడానికీ పోయేది వేరే. అదీ మామూలు నీళ్ళు కాదు, క్లోరైడు ఆనవాలు కూడా ఉండకూడదు. సముద్రం పక్కనే ఉంది కదా అంటే, శుద్ధి చేశాక మిగిలే చిక్కటి ఉప్పునీళ్ళు ఎక్కడ వదలాలి? తీరానికి ఎంత దూరంలో, ఏ లోతులో, ఏ కాలంలో నీటివాలు ఎటు? పూడిమడక మత్స్యకారుల ఊరు. ఆ నీళ్ళలో ఏ నెలలో ఏ చేప ఎక్కడుంటుందో తరతరాలుగా తెలిసినవాళ్ళు అక్కడ ఉన్నారు. డిజైన్ సమావేశానికి పిలవాల్సిన నిపుణుల జాబితాలో వాళ్ళ పేర్లు నేనైతే పైనే రాస్తాను. పనులు మొదలయ్యాక పెట్టే ప్రజాభిప్రాయ సేకరణలో కాదు, పైపు గీత కాగితం మీద పడకముందే.

నా మాట ఇక్కడికి అయింది. ప్రశ్నలు అడగండి. కెమికల్ వాళ్ళు ఎలాగూ చేతులెత్తుతారు, ముందు సివిల్ వాళ్ళకు అవకాశం ఇద్దాం. ఆ వెనక వరసలో ఎవరో పైకప్పు గురించి గొణుగుతున్నారు, మైకు అటు ఇవ్వండి.