హార్బర్ కట్టే ముందు తీరాన్ని ఎలా పరీక్షిస్తారు?

నమస్కారం. కొత్త హార్బర్ పని మొదలయ్యే ముందు తీరంలో పురావస్తు పరీక్ష ఎలా చేస్తారో ఈ వీడియోలో చూద్దాం. సముద్రం అడుగును తవ్వి మట్టి తీసే డ్రెడ్జర్ దిగాక చూడటానికి ఏమీ మిగలదు, అందుకే ఇది ముందే జరగాలి.

ఇవాళ మనకు కనిపించే తీరం ఎప్పుడూ ఇక్కడే లేదు. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పట్లో మనుషులు తిరిగిన నేల ఇప్పుడు నీళ్ల అడుగున ఉండొచ్చు. కొన్నిచోట్ల మేట వేసి పాత రేవే ఊళ్లో కలిసిపోతుంది. ఇస్తాంబుల్‌లోని యెనికపిలో రైల్వే పనుల కోసం 2004లో తవ్వకాలు మొదలుపెడితే, బైజాంటైన్ కాలపు రేవుతో పాటు 37 ఓడలు బయటపడ్డాయి.

కాబట్టి ముందు పాత మ్యాపులు, నౌకాయాన చార్టులు తీయండి. ఇంజినీర్లు పునాదుల కోసం ఎలాగూ బోర్లు వేస్తారు. ఆ బోర్లలోంచి పొరలు చెదరకుండా కడ్డీల్లా బయటికి తీసే మట్టి నమూనాలను, అంటే కోర్లను, పారేయకముందే పురావస్తు నిపుణులకు చూపించండి. నన్నడిగితే ఈ ఒక్క పనికే ఎక్కువ ఫలితం ఉంటుంది. కోర్‌లో కుళ్లిన మొక్కల నల్లటి పొర, అంటే పీట్ కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ చిత్తడి నేల ఉండేదని అర్థం.

తర్వాత పడవ మీద సర్వే. సైడ్ స్కాన్ సోనార్ శబ్ద తరంగాలతో సముద్రగర్భం పైన ఉన్నవాటిని చూపిస్తుంది. మాగ్నెటోమీటర్ ఇనుమును పడుతుంది కానీ, ఇనుము లేని చెక్క ఓడను పట్టలేదు. అడుగు పొరల కోసం, శబ్దాన్ని మట్టిలోకి పంపే సబ్ బాటమ్ ప్రొఫైలర్ వాడతారు. బురదలో గ్యాస్ ఉంటే ఆ చోట దానికి కింది పొరలు కనిపించవు. అలాంటి ఖాళీని చూసి 'ఇక్కడేమీ లేదు' అని రాసేయకండి, అక్కడ కోర్ తీయండి.

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో యాంగ్జీ హార్బర్‌ను లోతు చేసే ముందు ఇలాగే వెతికారు. సముద్రమట్టానికి దాదాపు 20 మీటర్ల కింద పాత ఇసుక దిబ్బ ఆనవాలు దొరికింది. 2011లో అక్కడి మట్టిని పైకి తీసి జల్లెడ పడితే చెకుముకి రాతి ముక్కలు, కాలిన ఎముకలు వచ్చాయి. అవి మధ్య శిలాయుగపు మనుషులు వదిలినవి. అంత లోతులో కూడా ఆధారాలు చెదరకుండా ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒడ్డున టెస్ట్ గుంటలైతే ఆటు సమయంలోనే తవ్వాలి. తడి ఇసుక గోడలు ఒక్కసారిగా కూలతాయి, దన్ను లేని గుంటలోకి దిగొద్దు. చెక్క దొరికితే ఎండనివ్వకండి; ఎండితే పగిలి వంకర్లు పోతుంది. గవ్వలతో కార్బన్ డేటింగ్, అంటే వయసు తేల్చే పరీక్ష, చేయిస్తే, సముద్రజలం ప్రభావం వల్ల అవి సగటున 400 ఏళ్లు పాతవిగా కనిపిస్తాయి, ఆ తేడాను సరిచేయాలి.

ముఖ్యమైనది దొరికితే, ఉన్నచోటే కాపాడటాన్ని మొదట పరిశీలించమంటుంది నీటి అడుగు వారసత్వంపై 2001 నాటి యునెస్కో ఒప్పందం. హార్బర్‌లో మాత్రం ఓడల ప్రొపెల్లర్లు రేపే ప్రవాహం పైనున్న ఇసుకను కోసేస్తుంది. పైన గట్టి కప్పు వేసి, తరచూ తనిఖీ చేసే ఏర్పాటు లేకపోతే పూర్తిగా తవ్వి తీయడమే మేలు.