పాత బాకీ ఫోన్ వస్తే ముందు తేదీ అడగండి

అందరికీ నమస్కారం.

మా తమ్ముడు బండి లోన్ చివరి వాయిదా కట్టేసి, బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకుని బీరువాలో పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత ఇంటి లోన్ కోసం వెళ్తే కుదరదన్నారు. మన అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తే ఆ బండి లోన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఎన్ని రోజులు ఆలస్యమయిందో చూపించే గళ్లు నెలకొకటి ఉంటాయి. వాటిలో 30, 60, 90 అని అంకె పెరుగుతూ పోయింది. ఇంతా చేసి బాకీ 412 రూపాయలు! నాలుగేళ్లలో వాడికి ఒక్క ఫోన్ రాలేదు, ఒక్క ఉత్తరం రాలేదు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

మనం సిబిల్ అనగానే స్కోరు ఒక్కటే చూస్తాం. దయచేసి ఆ కింది పేజీలు కూడా చదవండి. మనది కాని ఖాతా, తీర్చినా తీరనట్టున్న అప్పు అక్కడే దొరుకుతాయి. ఈ వివరాలు ఉంచే కంపెనీలు మన దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2017 నుంచి ప్రతి కంపెనీ ఏడాదికొక పూర్తి రిపోర్టు మనకు ఉచితంగా ఇవ్వాలి. ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉండొచ్చు కాబట్టి నాలుగూ తీయండి.

తప్పు కనిపిస్తే ఆ కంపెనీకీ, లోన్ ఇచ్చిన బ్యాంకుకీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు నంబరు దాచుకోండి, ఎందుకంటే రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం ఇది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తమ్ముడికి పని చేసింది మాత్రం బీరువాలోని ఆ కాగితమే.

ఇక పాత బాకీలు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పదేళ్ల కిందటి క్రెడిట్ కార్డు బాకీ అంటూ ఎవరో ఫోన్ చేస్తారు. కోర్టు, పోలీసు అంటారు. టెన్షన్‌లో మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, తాకట్టు లేని ఇలాంటి అప్పుపై దావా వేయడానికి సాధారణంగా మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు మన చేతిరాతో సంతకమో ఉన్నా అంతే. గడువు దాటాక కూడా, కడతానని రాసి సంతకం పెట్టామా, ఆ మాట మీద కొత్తగా దావా వేయొచ్చు. అందుకే "సెటిల్‌మెంట్ ఫారం, ఊరికే ఒక సంతకం" అన్నప్పుడు చెయ్యి ఆపండి. సెటిల్‌మెంట్ (కొంత తగ్గించి కట్టి అప్పు ముగించడం) చేసుకున్నా రిపోర్టులో "సెటిల్డ్" అనే పడుతుంది, "క్లోజ్డ్" అని పడదు. తర్వాత లోన్ ఇచ్చేవాళ్లు ఆ తేడా చూస్తారు.

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. గడువు దాటినా అప్పు అప్పే, రిపోర్టులోనూ కనిపించొచ్చు. నిజంగా బాకీ ఉండి, కట్టగలిగితే కట్టండి. కానీ లెక్క చూసుకుని కట్టండి, భయపడి కాదు.

ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదు. బంధువులకు ఫోన్ చేసి పరువు తీయకూడదు. ఈసారి ఫోన్ వస్తే తగువు పడకండి. "ఏ లోన్, చివరిగా ఏ తేదీన కట్టాను, మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు? రాసి పంపండి" అనండి. అంతవరకు పెన్ను జేబులోనే ఉండనివ్వండి.