లేజర్ అనే ఒక్క మాటలో రెండు వైద్యాలు

(అనంతపురంలో పెద్దవారి సమావేశంలో ఒక ఎముకల వైద్యుడి ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం.

ఈ మధ్య కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక అమ్మ నా దగ్గరికి వచ్చింది. రెండు గొర్రెలు అమ్మి, మోకాళ్లకు పది రోజులు లేజర్ పెట్టించుకుందట. "కోత లేకుండానే గుజ్జు మళ్లీ పెరుగుతుందన్నారు సారూ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ రోజు ఈ మాట ఎత్తుకున్నాను.

లేజర్ పేరుతో రెండు వేర్వేరు వైద్యాలు జరుగుతున్నాయి. ఒకటి చర్మం మీద పెట్టేది. 1967లో బుడాపెస్టులో మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి తక్కువ శక్తి గల లేజర్ కాంతి పెడితే, వెంట్రుకలు త్వరగా మొలిచాయి. అక్కడి నుంచి పుట్టిన వైద్యం ఇది. కొందరికి కొంతకాలం నొప్పి తగ్గిస్తుంది. అరిగిన గుజ్జును మాత్రం మొలిపించదు.

రెండోది లోపల కాల్చేది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగుతుంది. సూది గుండా సన్నని తీగ పంపి, దాని కొస నుంచి వచ్చే లేజర్ వేడితో డిస్కు నడుమనున్న మెత్తని పదార్థాన్ని కాస్త ఆవిరి చేస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. 1986లో ఆస్ట్రియాలో దీన్ని మొదటిసారి మనిషికి చేశారు. డిస్కు ఉబ్బి, పైపొర చిరగకుండా ఉన్నవారికే ఇది పనికొస్తుంది. ముక్క విరిగి బయట పడితే, నరాల దారి ఇరుకైపోతే పనికిరాదు. పైగా వేరుశనగ పీకే రోజుల్లో ఇలా నడుము పట్టేసి వచ్చేవారిలో ఎక్కువమందికి మందులతో, వ్యాయామంతో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

ఇక లేజర్ కాని ఇంకో వైద్యం, మోకాలి కీహోల్ ఆపరేషన్. చిన్న రంధ్రం గుండా గొట్టం పంపి, లోపల చూస్తూ చేసేది. దీని పుట్టుక నాకు చాలా ఇష్టం. జపాన్‌లోనూ మనలాగే నేల మీద కూర్చుంటారు. క్షయతో మోకాళ్లు బిగుసుకుపోయి కింద కూర్చోలేని వారిని చూసి, తకాగి అనే వైద్యుడు 1918లో టోక్యోలో, మూత్రాశయంలోకి చూసే గొట్టంతో ఒక మృతదేహపు మోకాలి లోపలికి చూశారు. ఆయన శిష్యుడు వతనబె 1962లో మోకాలి ఎముకల నడుమ చిరిగిన మెత్తని పొరను అలాంటి చిన్న రంధ్రం గుండానే తీశారు. ఆటలో మోకాలు తిరిగి స్నాయువు తెగిన కుర్రవాడికి ఈ రోజు ఇది వరం.

అరుగుదల మోకాలికి మాత్రం కాదు. 2002లో అమెరికాలో 180 మందిపై జరిగిన పరిశోధన ఫలితం వెలువడింది. కొందరి మోకాలిని లోపల కడిగి శుభ్రం చేశారు, కొందరికి పైన గాట్లు మాత్రమే పెట్టారు. ఎవరికి ఏది చేశారో రోగులకు చెప్పలేదు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలో తేడా లేదు! గాటు చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ అవసరమైనట్టు కాదు. ఈ వృత్తిలో ఉన్న నేనే చెబుతున్నాను, నమ్మండి.

మన జిల్లాలో ఇంకో మాట. చాలా ఊళ్లలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను కర్రలా బిగుసుకుపోవచ్చు. దానికి ఏ లేజరూ లేదు. ముందు నీళ్లు మార్చాలి. మీ ఊరి నీటిని పరీక్ష చేయించండి.

డబ్బు కట్టే ముందు వైద్యుణ్ణి మూడు సంగతులు అడగండి: ఇది ఏ లేజర్? నా ఎమ్మారైలో ఉన్నదానికి ఇది పనిచేస్తుందా? చేయించకపోతే ఏమవుతుంది? అడిగితే కోపగించుకునే వైద్యుడి దగ్గర ఆగకండి.

ఒక్క సందర్భంలో మాత్రం ప్రశ్నలతో ఆలస్యం చేయవద్దు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి బయలుదేరండి. తెల్లవారే దాకా ఆగితే ఆ నరం మళ్లీ కోలుకోకపోవచ్చు.